పాకే బాబు, కొత్త కుక్కపిల్ల, ఎగిరే పురుగులు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మేం విజయవాడలో ఓ అపార్ట్‌మెంటు రెండో అంతస్తులో ఉంటాం. మాకు ఆరేళ్ళ పాప, పది నెలల బాబు. బాబు ఇప్పుడిప్పుడే ఇల్లంతా పాకుతున్నాడు. మూడు వారాల కిందట మా వీధి చివర వానలో తడిసి వణుకుతున్న కుక్కపిల్లని మావారు ఇంటికి తెచ్చారు. తల్లి జాడ లేదు. రెండు నెలలుంటాయేమో. పాప దానికి లడ్డూ అని పేరు పెట్టింది. వచ్చిన దగ్గర్నించి హాల్లో, సోఫా వెనక, బాబు బొంత మీద, ఎక్కడపడితే అక్కడ పోసేస్తోంది. ముక్కు అందులో రాసి చీపురుతో రెండు వేస్తే తప్ప బుద్ధి రాదంటారు మా అత్తగారు. దీనికి తోడు వారం రోజులుగా దాని బొచ్చులో నల్లటి పురుగులు పరిగెడుతున్నాయి, పట్టుకోబోతే ఎగిరిపోతున్నాయి. బాబు కాళ్ళ మీద ఎర్రటి దద్దుర్లు లేచాయి. పశువుల మందుల షాపులో అడిగితే చిన్న సీసా ఇచ్చి, నీళ్ళలో కలిపి ఒళ్ళంతా పొయ్యమన్నారు. అత్తగారేమో కిరసనాయిలు రాయమంటున్నారు. పిల్లలున్న ఇల్లు కదా, ఏది చెయ్యాలన్నా భయంగా ఉంది. దీన్ని ఎవరికైనా ఇచ్చేయడం మంచిదా? అన్నట్టు, మొన్న ఆడుకుంటుంటే దాని పన్ను గీరుకుని పాప చేతికి కాస్త రక్తం వచ్చింది. పసుపు అద్దాం.
ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం: అమ్మా, మీరు చివర్లో మాటవరసకి రాసిన వాక్యంతోనే మొదలుపెడతాను. మిగతావన్నీ రెండు రోజులు ఆగినా ఫరవాలేదు, ఇది ఆగదు. వీధిలో దొరికిన కుక్కపిల్ల, టీకాలు పడలేదు, తల్లి ఏమైందో తెలియదు, పాప చేతికి రక్తం వచ్చింది. ఇలాంటప్పుడు "చిన్నపిల్లే కదా, ఆటలో తగిలిందే కదా" అనుకోవడానికి వీల్లేదు. రెండు నెలల కుక్కపిల్లకి కూడా రేబిస్ ఉండొచ్చు. లడ్డూకి ఉందని నేననడం లేదు. ఉండే అవకాశం తక్కువే. కానీ ఆ జబ్బు మనిషిలో బయటపడ్డాక బతికించే వైద్యం లేదు. బయటపడకముందే టీకా వేయిస్తే ఆపగలం. కాబట్టి ఇది చదివిన వెంటనే పాపని ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళండి. అక్కడ ఈ టీకా ఉచితంగా వేస్తారు. రక్తం వచ్చిన గాయం కాబట్టి టీకాతో పాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (టీకా పని మొదలుపెట్టేలోపు కాపాడే మందు) కూడా ఇవ్వాల్సి ఉంటుంది. ఆ సంగతి మీరే అడగండి. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లనే రోజులు ఎప్పుడో పోయాయి. ఇప్పుడు చర్మం లోపలికి వేసే పద్ధతిలో మొదటి డోసు రోజుని సున్నాగా లెక్కేసి, ఆ రోజు, 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు, అంతే. రోజులు గడిచిపోయాయి కదా అని మానేయకండి, ఆలస్యమైనా వేయించుకోవాల్సిందే. ఇకముందు ఇంట్లో ఎవరికైనా పన్నో గోరో గీరుకుంటే ముందు కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం, కాఫీ పొడి, ఏదీ పెట్టొద్దు.

బాబు సంగతి కూడా ఆసుపత్రిలో చెప్పండి. దద్దుర్లు లేచాయంటే వాడు గోకుతూనే ఉంటాడు, గోకిన చోట చర్మం లేచిపోతుంది. తెగిన చర్మం మీద, నోటి మీద టీకాల్లేని కుక్క నాకినా దాన్ని కరిచినట్టే లెక్కేస్తారు డాక్టర్లు. అందుకని ప్రస్తుతానికి లడ్డూ బాబుని నాకకుండా చూడాలి. లడ్డూకి మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించాలి.

ఇక మీరు అడిగిన రెండు సమస్యలు. మీరు వాటిని విడివిడిగా రాశారు కానీ నాకు రెండింటికీ జవాబు ఒకేచోట కనిపిస్తోంది. వచ్చిన మొదటి రోజు నుంచీ లడ్డూకి ఇల్లంతా ఇచ్చేశారు. రెండు నెలల కుక్కపిల్లకి అది చాలా పెద్ద జాగా. దాని పడక ఎక్కడో, పోసుకునే చోటు ఎక్కడో దానికి తెలియదు. అది తిరిగిన ప్రతిచోటా పురుగుల గుడ్లు రాలుతున్నాయి. అవే గచ్చుల మీద బాబు పాకుతున్నాడు, ఆ చేతుల్నే నోట్లో పెట్టుకుంటున్నాడు. కాబట్టి ఈ రోజే లడ్డూకి ఒక మూల ఇవ్వండి. బాల్కనీ, దాన్ని ఆనుకుని నాలుగైదు అడుగుల మేర హాలు చాలు. చిన్నపిల్లల కోసం అమ్మే అడ్డుగేటు గానీ, మడతపెట్టే కంచె గానీ పెట్టండి. అడ్డంగా పెట్టిన చెక్క బల్ల అయినా సరే. ఎండ, జల్లు కొట్టకుండా పైన ఏదైనా కట్టండి. బాల్కనీ ఊచల సందుల్లోంచి అది దూరిపోకుండా వల కట్టించండి, ఇది బాబుకీ పనికొస్తుంది. ఒంటరిగా బంధించినట్టు కాకుండా మీరు కూర్చునే చోటికి కనబడేలా ఉంటే అది ఏడవదు. అందరూ ఉన్నప్పుడు, అప్పుడే పోసుకుని వచ్చాక, మీ కళ్ళెదుట ఓ పావుగంట హాల్లో తిరగనివ్వండి. బాబు నేల మీద ఉన్నప్పుడు మాత్రం అది మూలలోనే ఉండాలి.

పురుగుల దగ్గరికి వద్దాం. పట్టుకోబోతే ఎగిరాయన్నారు కాబట్టి అవి ఫ్లీలు. గోమార్లు, అంటే కొన్ని ఊళ్ళలో పిడుదులనేవి, ఎగరవు. చర్మానికి కరుచుకుని కదలకుండా ఉంటాయి, చెవుల్లో, వేళ్ళ సందుల్లో ఎక్కువ. మన దగ్గర రెండూ కలిసే ఉండటం మామూలే కాబట్టి చెవులు మడిచి కూడా చూడండి. ఫ్లీలని రూఢి చేసుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. పగటి వెలుతురులో బాల్కనీలో తెల్లటి పాత పంచె పరిచి లడ్డూని నిలబెట్టండి. ఈర్పెన లాంటి సన్నపళ్ళ దువ్వెనతో తోక మొదట్లో, పొట్ట కింద, మెడ చుట్టూ చర్మానికి ఆనించి దువ్వండి. పళ్ళ మధ్య నల్లటి నలుసులు వస్తాయి, మట్టి అనుకుంటారు. వాటిని తడి దూది మీద వేసి వేలితో నొక్కండి. దూది ఎర్రబడితే అది మట్టి కాదు, పురుగు తాగి విసర్జించిన రక్తం. దువ్వెనకి చిక్కిన పురుగుల్ని గోటితో నలపకుండా సబ్బునీళ్ళ గిన్నెలో ముంచండి, మునిగి చచ్చిపోతాయి. ఈ దువ్వడం రోజూ రెండు పూటలా చెయ్యండి. విషం లేని మందు ఇదొక్కటే, ఏ వయసు కుక్కపిల్లకైనా చెయ్యొచ్చు.

దువ్వేటప్పుడు దాని పెదవి పైకెత్తి చిగుళ్ళు చూడండి. గులాబి రంగులో ఉండాలి. పాలిపోయి తెల్లగా ఉంటే, లేదా లడ్డూ ఆడకుండా మత్తుగా పడుకుంటే, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. కిలో, కిలోన్నర ఉండే పిల్ల ఒంట్లో ఉండేదే కాస్త రక్తం. ఫ్లీలు ఎక్కువైతే రక్తహీనతతో చిన్న కుక్కపిల్లలు చచ్చిపోవడం కూడా ఉంది.

ఇప్పుడు ఆ సీసా. దయచేసి మూత తీయకండి. పశువుల మందుల షాపుల్లో ఇలా ఇచ్చేవి సాధారణంగా డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్, అమిట్రాజ్ లాంటి చిక్కటి ద్రావణాలు. ఆవులు, గేదెల గోమార్ల కోసం లీటర్ల నీళ్ళలో కొలిచి కలపాల్సినవి. ఓ మూతెడు ఎక్కువైతే గేదె తట్టుకుంటుందేమో, లడ్డూ తట్టుకోలేదు. పైగా కుక్క తన ఒళ్ళు తానే నాక్కుంటుంది, ఒంటి మీద పోసింది సగం కడుపులోకి పోతుంది. చొంగ కారడం, వణుకు, తూలడం, మూర్ఛ, ఇలాంటి కుక్కపిల్లల్ని టవల్లో చుట్టుకుని పరుగెత్తుకొచ్చే కుటుంబాల్ని ఆసుపత్రిలో నేను చూస్తూనే ఉంటాను. అందరూ ప్రేమతోనే పోశారు. బొచ్చు మీద మిగిలింది పాప చేతులకీ, బాబు నోటికీ చేరుతుంది. సీసాని సింకులో ఒంపొద్దు, చెత్తబుట్టలో వెయ్యొద్దు, ఇంకో సీసాలోకి మార్చొద్దు. పిల్లలకి అందనంత ఎత్తులో, వీలైతే తాళం వేసిన చోట పెట్టి, తీసుకున్న షాపుకే తిరిగి ఇచ్చేయండి. పొరపాటున పిల్లల నోట్లోకి ఏ మందైనా వెళితే వాంతి చేయించకండి. సీసాతో సహా ఆసుపత్రికి వెళ్ళండి, 108కి ఫోన్ చెయ్యండి.

కిరసనాయిలూ అంతే. చర్మం బొబ్బలెక్కుతుంది, నాక్కుంటే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పొగాకు నీళ్ళు, వేపనూనె, నాఫ్తలీన్ ఉండలు, బొద్దింకల స్ప్రే, మనుషుల పేల మందు, వెల్లుల్లి తినిపించడం, ఏ సలహా వచ్చినా వద్దనండి. నాఫ్తలీన్ పసిపిల్లల రక్తానికి కూడా హాని చేస్తుంది, అది అసలు బాబు ఉన్న గదిలోనే ఉండకూడదు. అత్తగారికి ఏదో ఒకటి చెయ్యాలనే ఉంటే వేపాకు కాచి చల్లార్చిన నీళ్ళతో స్నానం చేయించమనండి. దానివల్ల ఫ్లీలు పోవు, కానీ హానీ లేదు. ఆవిడ్ని తప్పుపట్టకండి. ఆవిడ పెరిగిన కాలంలో కుక్క వాకిట్లో ఉండేది, చంటిపిల్ల ఉయ్యాల్లో ఉండేది. కుక్కకి ఏం రాసినా అది పిల్లదాకా వచ్చేది కాదు. ఇప్పుడు ఇద్దరూ ఒకే గచ్చు మీద ఉన్నారు.

మరి ఏం వాడాలి? ముందు తూకం, తర్వాతే మందు. లడ్డూని పశువైద్యుడి దగ్గరికి తీసుకెళితే పళ్ళు చూసి వయసు అంచనా కట్టి, బరువు తూచి రాస్తారు. మీకు దగ్గర్లో గన్నవరం వెటర్నరీ కాలేజీ ఉంది, అక్కడి ఆసుపత్రికైనా వెళ్ళొచ్చు. వయసు, బరువు తక్కువని తేలితే ఫిప్రోనిల్ స్ప్రే రాసే అవకాశం ఎక్కువ. పుట్టిన రెండు రోజుల కుక్కపిల్లలకి కూడా వాడదగ్గది అది. అయితే స్ప్రే కొట్టేది పెద్దవాళ్ళే, బాల్కనీలో, చేతులకి గ్లవ్స్ వేసుకుని, కళ్ళల్లో నోట్లో పడకుండా. లడ్డూ ముఖానికి గ్లవ్ మీద కొట్టుకుని రాయాలి. పిల్లలిద్దరూ ఆ సమయంలో లోపలి గదిలో ఉండాలి. ఒళ్ళు పూర్తిగా ఆరేదాకా పాప ముట్టుకోకూడదు. ఆ రాత్రి దాన్ని పక్కలో పడుకోబెట్టుకోకూడదు, అసలు ఏ రాత్రీ వద్దు. ఎనిమిది వారాలు దాటిన కుక్కపిల్లలకి మెడ వెనక, భుజాల మధ్య చర్మం మీద వేసే చుక్కల మందులుంటాయి. వాటికీ ఇదే జాగ్రత్త. ఆ మందులు వేయడానికి రెండు రోజుల ముందు, వేశాక రెండు రోజులు స్నానం చేయించొద్దు.

మీ ఇంటికి నేను మొగ్గు చూపేది నమిలే మాత్రల వైపు. ఫ్లురాలానెర్, అఫాక్సోలానెర్, సరోలానెర్ అని మూడు రకాలు మన దగ్గర దొరుకుతున్నాయి. చాలావాటికి ఎనిమిది వారాల వయసు, సుమారు 2 కిలోల బరువు నిండాలి. మాత్ర మింగాక మందు రక్తంలో ఉంటుంది, కుట్టిన పురుగు చస్తుంది. బొచ్చు మీద ఏమీ ఉండదు. పాప ఎంత కావలించుకున్నా, బాబు చెవి పట్టుకు లాగినా చేతికి అంటేదేమీ లేదు. గోమార్లకీ ఇదే పనిచేస్తుంది. మూర్ఛలు వచ్చిన కుక్కలకి మాత్రం ఇవి ఆలోచించి ఇవ్వాలి, లడ్డూ ఎప్పుడైనా గిలగిల కొట్టుకుందా అన్నది డాక్టరుకి చెప్పండి. ఒక జాగ్రత్త: ఈ మాత్రలు మాంసం వాసనతో, చాక్లెట్ ముక్కలా కనిపిస్తాయి. పాపకి అందే చోట పెట్టకండి. మందు పూసిన మెడపట్టీలు మీ ఇంటికి వద్దు. బాబు చేతులు మొదట వెళ్ళేది దాని మీదికే.

పురుగు మందు కుక్కకి వేస్తే సగం పని కూడా అయినట్టు కాదు. కుక్క ఒంటి మీద మీకు కనిపించే పెద్ద ఫ్లీలు మొత్తంలో సుమారు 100కి 5 మాత్రమే. మిగతావి గుడ్లుగా, గుడ్డు నుంచి వచ్చే పిల్లపురుగులు అంటే లార్వాలుగా, గూడు కట్టుకున్న ప్యూపాలుగా మీ ఇంట్లో ఉన్నాయి. ఒక ఆడ ఫ్లీ రోజుకి 40, 50 గుడ్లు పెడుతుంది. అవి బొచ్చుకి అంటుకోవు, లడ్డూ పడుకున్న చోట, విదిలించుకున్న చోట రాలిపోతాయి. లార్వాలు వెలుతురు పడక చీకటి సందుల్లోకి పోతాయి. మీ గచ్చు టైల్స్ అయితే మీ అదృష్టం, తివాచీ ఇళ్ళలో ఇది చాలా కష్టం. కానీ టైల్స్ మధ్య సందులు, సోఫా కింద, దివాన్ కింద, చెప్పుల స్టాండు, గుమ్మం దగ్గర పట్టా, బాల్కనీలో మడిచి పెట్టిన గోనెసంచులు, ఇవన్నీ వాటి ఇళ్ళే. వానాకాలం తేమ వాటికి బాగా పడుతుంది, అందుకే ఈ నెలల్లో మీలాంటి ఉత్తరాలు ఎక్కువొస్తాయి.

కాబట్టి ఆ అవసరంలేని గోనెసంచులు, పాత పట్టాలు బయట పారేయండి. వాక్యూమ్ క్లీనర్ ఉంటే రోజూ సందుల వెంట, సోఫా కుట్ల వెంట పెట్టి, లోపలి చెత్తని కవర్లో మూటగట్టి వెంటనే కింద చెత్తకుండీలో వేయించండి. లేకపోతే ఎవరిదైనా వారానికి రెండుసార్లు అడిగి తెచ్చుకున్నా మేలే. వట్టి చీపురు గుడ్లని ఒక మూల నుంచి ఇంకో మూలకి తోస్తుంది. ఊడ్చిన వెంటనే సబ్బునీళ్ళతో తడిబట్ట పెట్టించండి. లడ్డూ పడుకునే గుడ్డ, బాబు బొంత, దిండు గలీబులు కనీసం వారానికోసారి చెయ్యి పట్టలేనంత వేడి నీళ్ళలో, 60 డిగ్రీల దాకా, ఉతికి డాబా మీద మంచి ఎండలో ఆరెయ్యండి. ఎండిన గాలిలో, ఎండలో లార్వాలు బతకవు. బాబు బొంత పగలు నేల మీద వదిలేయకుండా వాడు లేవగానే మడిచి మంచం మీద పెట్టండి.

ఇన్ని చేశాక కూడా రెండు వారాలకి మళ్ళీ పురుగు కనిపిస్తుంది. అప్పుడే చాలామంది మందు పనిచెయ్యలేదని ఇంకో మందు, ఇంకా ఘాటైన మందు మొదటిదాని మీదే వేసేస్తారు. దయచేసి అలా చెయ్యకండి. గూడులో ఉన్న ప్యూపాని ఏ మందూ సరిగా తాకదు. అది వారాలు, ఒక్కోసారి నెలలు కూడా ఊరికే ఉండి, నేల అదిరినప్పుడు, వెచ్చటి ఒళ్ళు దగ్గరికి వచ్చినప్పుడు బయటికి దూకుతుంది. అలా వచ్చినది మందు పడిన లడ్డూని కుట్టి చావాలి. ఆ లెక్క తేలడానికి రెండు నెలలు, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువే పడుతుంది. డాక్టరు చెప్పిన తేదీకి తప్పకుండా తర్వాతి డోసు వేస్తూ, ఇల్లు శుభ్రం చేస్తూ ఉండటమే పని.

ఇక్కడే మీ మూడో ప్రశ్నకి కూడా జవాబుంది. లడ్డూని ఇచ్చేస్తే పురుగులు పోతాయనుకుంటున్నారేమో, పోవు. కుక్క లేని ఇంట్లో గూళ్ళలోంచి వచ్చిన ఫ్లీలకి మిగిలేది మీరూ, పిల్లలూ. ఉంచుకోవాలా వద్దా అన్నది మీ ఓపికని బట్టి మీరు తీసుకునే నిర్ణయం, ఎటు నిర్ణయించుకున్నా తప్పు లేదు. కానీ ఇవ్వదలచుకుంటే ముందు పురుగులు పోగొట్టి, టీకాలు మొదలుపెట్టి, తెలిసినవాళ్ళ ఇంటికే ఇవ్వండి. తెచ్చిన చోటే వదిలేయడం మాత్రం వద్దు. పెంచుకున్న జంతువుని దిక్కులేకుండా వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం కూడా.

ఇల్లంతా కొట్టే మందుల గురించి ఒక మాట. పాకే బిడ్డ ఉన్నంతకాలం పొగ బాంబులు, బోరిక్ పొడి, గచ్చు మీద చల్లే పొడులు, గీతలు గీసే చాక్‌పీసులు నేను ఒప్పుకోను. రెండు నెలలు శ్రద్ధగా చేశాక కూడా తగ్గకపోతే, పురుగు ఎదగకుండా ఆపే పైరిప్రాక్సిఫెన్ లాంటి మందుతో పెస్ట్ కంట్రోల్ వాళ్ళ చేత చేయించొచ్చు. ఆ రోజు అందరూ పుట్టింటికో ఎక్కడికో వెళ్ళి, అంతా ఆరి, గాలి ఆడాక, బాబు తాకేవన్నీ కడిగాకే ఇంట్లోకి రావాలి.

బాబు దద్దుర్లకి గోళ్ళు కత్తిరించి, సబ్బుతో కడిగి, కాలమిన్ లోషన్ రాస్తే దురద తగ్గుతుంది. చీము పట్టినా, ఎర్రదనం పాకుతున్నా, జ్వరం వచ్చినా పిల్లల డాక్టరుకి చూపించండి. ఈ ఫ్లీలు పేలలాగా మనిషి తలలో కాపురం పెట్టవు, కాబట్టి పిల్లలకి తల మందులేవీ అక్కర్లేదు. ఇంకొకటి గమనించాలి. ఫ్లీని మింగిన కుక్కకి బద్దెపురుగు వస్తుంది. నేల మీద దొరికిన ఫ్లీ బాబు నోట్లోకి పోతే వాడికీ రావొచ్చు. లడ్డూ తోక కింద గానీ, బాబు డైపర్లో గానీ బియ్యపు గింజంత తెల్లటి ముక్కలు కనిపిస్తే డాక్టరుకి చెప్పండి, మందుతో తేలిగ్గానే పోతుంది. లడ్డూకి నులిపురుగుల మందు మూడు నెలలు నిండేదాకా రెండు వారాలకోసారి, తర్వాత ఆరు నెలల దాకా నెలకోసారి పడాలి. దాని మలం ఎప్పటికప్పుడు తీసెయ్యాలి. అందులోని నులిపురుగు గుడ్లు మనిషికి అంటే స్థితికి రావడానికి కనీసం రెండు వారాలు పడుతుంది. ఆలోపే తీసేస్తే ఆ భయం చాలావరకు తీరుతుంది.

ఇప్పుడు మూత్రం అలవాటు. రెండు నెలల పిల్ల పగలు గంట, గంటన్నర కంటే ఆపుకోలేదు. ఆపుకోగలిగీ పోసెయ్యడం లేదు, ఆపుకోలేకే పోస్తోంది. ముక్కు రాసి కొడితే దానికి అర్థమయ్యేది ఒక్కటే: మనుషులు చూస్తుండగా పొయ్యకూడదు. అందుకే సోఫా వెనక్కి వెళుతోంది. మీ లడ్డూ ఇప్పటికే ఆ పాఠం నేర్చుకుంది. ఇంకో ప్రమాదం, చెయ్యి పైకి లేస్తే దెబ్బ పడుతుందని భయపడే కుక్క ఓ రోజు తన మీదికి చెయ్యి చాచిన బాబుని కరవొచ్చు. చంటిబిడ్డ ఉన్న ఇంట్లో చీపురు దెబ్బ అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు. అత్తగారికి ఇది ఇలాగే చెప్పండి, మనవడి మాట వస్తే ఆవిడ వింటారు.

టీకాలు పూర్తయ్యేదాకా కిందికి, వీధిలోకి దింపొద్దు. కుక్కపిల్లలకి ప్రాణాంతకమైన వాంతులు, విరేచనాలు తెప్పించే పార్వో వైరస్ నేలలో నెలల తరబడి ఉంటుంది, వీధికుక్కలు తిరిగే చోట అడుగు పెట్టినా అంటుకోవచ్చు. ఆ టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలై, 16 వారాలు నిండేదాకా మూడు, నాలుగు వారాలకోసారి పడుతుంది. అందుకని అపార్ట్‌మెంటులో ప్రస్తుతానికి బాల్కనీయే గతి. పడక ఉన్న మూలకి ఎదురు మూలలో వెడల్పాటి ప్లాస్టిక్ ట్రే పెట్టి, న్యూస్ పేపర్ గానీ ప్లాస్టిక్ గడ్డి పట్టా గానీ పరవండి. వీధిలోంచి మట్టి తెచ్చి పొయ్యకండి. మొదట్లో పేపరు మార్చినప్పుడు పాత పేపరు ముక్క, తడి ఉన్నది, కొత్తదాని కింద ఉంచండి. ఆ వాసనే దానికి గుర్తు.

నిద్ర లేవగానే, తిన్న పది, పదిహేను నిమిషాలకి, నీళ్ళు తాగాక, ఆట ఆపాక, ఇవి కాక గంటకోసారి, ఎత్తుకునో మెడలో తాడుతోనో ట్రే దగ్గరికి తీసుకెళ్ళండి. నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరుగుతోందంటే టైము అయిపోయినట్టే. అక్కడ నిలబెట్టి "సుస్సు" అని ఒక్కటే మాట, ఇంట్లో అందరూ అదే మాట అనాలి. ఆటలాడించకుండా, మాట్లాడకుండా ఐదు నిమిషాలు ఆగండి. పోసిన మరుక్షణం, అక్కడే, ఉడికించిన కోడిమాంసం పీచో గుడ్డు ముక్కో గోరంత పెట్టి మెచ్చుకోండి. హాల్లోకి వచ్చాక పెడితే హాల్లోకి వచ్చినందుకు పెట్టారనుకుంటుంది. ఈ ముక్క పెట్టే పని అత్తగారికి ఇవ్వండి. పగలు ఇంట్లో ఉండేది ఆవిడే కదా. లడ్డూ ఆవిడ్ని చూసి దాక్కోకుండా తోకాడించుకుంటూ వస్తే ఆ చీపురు ఆవిడే పక్కన పెడతారు.

హాల్లో పోస్తూ దొరికితే అరవకండి. చప్పట్లు ఒకసారి కొట్టి ఎత్తుకుని ట్రేలో పెట్టండి. పోసేశాక దొరికితే చెయ్యడానికేం లేదు, తుడుచుకోవడమే. పాత గుడ్డతో అద్ది, సబ్బునీళ్ళతో కడిగి, సగం నీళ్ళు కలిపిన వెనిగర్‌తో తుడవండి. మార్బుల్ గచ్చయితే వెనిగర్ వద్దు, మచ్చపడుతుంది. కుక్కల మూత్రం వాసన పోగొట్టే ఎంజైమ్ ద్రావణాలు దొరుకుతాయి, అవి ఇంకా మంచివి. ఫినాయిలు వద్దు. లడ్డూ పాదాలకంటి నాక్కుంటుంది, బాబు చేతులకీ అంటుతుంది. మూత్రం మీద బ్లీచింగ్ అసలే వద్దు, కళ్ళూ గొంతూ మండించే వాయువు పుడుతుంది.

రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి, మధ్యలో ఒకసారి, తెల్లారగానే ఒకసారి. మధ్యలోది మీరు లేవకండి. బాబుకి పాలివ్వడానికి మీరు ఎలాగూ లేస్తుంటారు, కుక్కపిల్ల బాధ్యత దాన్ని తెచ్చిన మీవారు తీసుకోవాలి. ఇంటి ఆడవాళ్ళ మీద పడ్డ కుక్కపిల్లే చివరికి వీధిపాలవుతుంది, అందుకే నిక్కచ్చిగా చెబుతున్నాను. లైటు పెద్దది వెయ్యకుండా తీసుకెళ్ళి, పోయించి, తెచ్చి పడుకోబెట్టడమే. నాలుగు నెలలు నిండేసరికి రాత్రంతా ఆగగలుగుతుంది. నమ్మకంగా ఇల్లు పాడుచెయ్యకుండా ఉండటానికి ఆరు నెలలైనా పట్టొచ్చు. మధ్యలో వారం బాగుండి మళ్ళీ మొదటికొస్తుంది, అది సహజం. టీకాలయ్యాక ఆ ట్రే పేపరు ముక్కనే కింద ఒక చెట్టు మొదట్లో వేసి తాడుతో తీసుకెళ్ళండి, రెండు మూడు రోజుల్లో చోటు మారుతుంది. చుక్కలు చుక్కలుగా మాటిమాటికీ పోస్తున్నా, పోసేటప్పుడు ఏడుస్తున్నా అది అలవాటు లోపం కాదు, ఇన్ఫెక్షన్ కావచ్చు. వాంతులు, నీళ్ళ విరేచనాలు మొదలై తిండి మానేస్తే తెల్లారేదాకా కూడా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

పశువైద్యుడి దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ సీసా లేబులు ఫోటో, చిన్న డబ్బాలో ఆ ఉదయపు మలం, తడి దూది మీద పట్టిన ఆ నలుసులు తీసుకెళ్ళండి. లడ్డూని అక్కడ నేల మీద దింపకుండా బుట్టలోనో ఒళ్ళోనో ఉంచండి. ఇంట్లో పది నెలల బాబు పాకుతున్నాడన్న సంగతి మందు రాయకముందే చెప్పండి, దాన్ని బట్టి ఏ మందు అన్నది మారుతుంది. తర్వాతి డోసు ఏ తేదీకో, మూడు నెలల రేబిస్ టీకా ఏ తేదీకో కాగితం మీద రాయించుకుని ఫ్రిజ్ తలుపుకి అంటించండి.